గాలి తరంగాల్లో పొత్తు కుదిరేదెలా?

వైఫై చిప్‌లో ఒక్క అంకె మార్చితే చాలు, అదే ఛానెల్‌లో ఉన్న పక్కింటివాళ్ల ఇంటర్నెట్ నీరసించిపోతుంది. ఆ అంకె పేరు నిరీక్షణ పరిమితి. ప్రతి వైఫై పరికరం మాట్లాడేముందు ఛానెల్‌ను వింటుంది. ఖాళీగా ఉంటే 0 నుంచి 15 లోపు ఏదో ఒక సంఖ్య ఎంచుకుని, అన్ని విడతలు ఆగి, అప్పుడు డేటా పంపుతుంది. విడత అంటే సెకనులో పది లక్షల వంతుల్లో తొమ్మిది వంతులు. రెండు పరికరాలు ఒకేసారి పంపి ఢీకొంటే పరిమితి 31కి, ఆపై 63కి, అలా 1023 దాకా పెరుగుతుంది. ఒక పరికరం మొండికేసి దాన్ని 1 దగ్గరే ఉంచుకుంటే దాదాపు ప్రతిసారీ వంతు దానిదే. అందరూ అదే పని చేస్తే? ఢీకొనడమే తప్ప ఎవరి డేటా కూడా సరిగా కదలదు.

ఇలాంటి చిక్కుల లెక్కే గేమ్ థియరీ. ఏ ఒక్కరూ తాము మాత్రమే ఎత్తు మార్చి లాభపడలేని స్థితిని జాన్ నాష్ 1950లో నిర్వచించాడు. ఆ సమతాస్థితి అందరికీ మంచిదే కావాలనేమీ లేదు. బాధపెట్టే విషయం అదే. ఫోన్లు సిగ్నల్ పంపే పవర్ సంగతి చూడండి. పక్క ఫోన్ గొంతు పెంచితే నాకు రొద పెరుగుతుంది, నేనూ పెంచుతాను. చివరికి అందరి పవర్ గరిష్ఠానికి చేరినా వినికిడి మెరుగుపడదు, బ్యాటరీలు మాత్రం కరిగిపోతాయి.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గుడ్‌మన్, నారాయణ్ మందయం బృందం 2000 ప్రాంతంలో దీనికి ఒక మందు చూపింది: వాడే పవర్‌కు ధర కట్టడం. రూపాయలు కావు, పరికరం వేసుకునే లాభనష్టాల లెక్కలో కోత. ఆ కోతతో అందరూ పవర్ తగ్గించుకుంటారు, అందరికీ లాభం పెరుగుతుంది.

రెండో మందు నాకు ఇంకా నచ్చుతుంది. పొరుగు రౌటర్లు ఒక్కసారి కాదు, రోజూ తలపడతాయి. నేటి అత్యాశకు రేపు శిక్ష పడుతుందని తెలిస్తే మర్యాదే స్వార్థానికీ లాభం. లైసెన్సు లేకుండా వాడుకోగల ఫ్రీక్వెన్సీ పట్టీల్లో న్యాయమైన పంపకం ఇలా తనంతట తానే నిలబడగలదని పరిశోధకులు ఎట్కిన్, పరేఖ్, త్సే 2007లో నిరూపించారు. అయితే తప్పు చేసిందెవరో కనిపించాలి, గాలిలో అది కష్టం. మరో దారి మధ్యవర్తి: అమెరికా 3.5 గిగాహెర్ట్జ్ పట్టీలో కంప్యూటర్ వ్యవస్థను అలా పెట్టింది. నౌకాదళ రాడార్ సంకేతం కనిపించగానే మిగతావారు తప్పుకోవాలి.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి అలాంటి మధ్యవర్తి లేడు. అందులో ఒకదానిపై ఒకటి పడకుండా వాడదగ్గ ఛానెళ్లు మూడే: 1, 6, 11. మీ రౌటర్‌ను వాటిలో రద్దీ తక్కువున్నదానికి మార్చండి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. మీకూ పక్కింటికీ వేగం పెరిగే అవకాశం ఉంది.