వీణ వెలయు దాని గుణమును

వీణ కొనదలచినవారు నన్ను మొట్టమొదట వెల యెంత యని యడుగుదురు; నేను కర్ర యెట్టిదని యడుగుదును. పనసమ్రాను శ్రేష్ఠము. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు కుండను, దండిని ఒకే దుంగనుండి తొలచుదురు. దానినే యేకాండి యందురు. అంతటి దుంగ దొరకుట యరుదు. తొలచునపుడు పోవు కర్రయు మిక్కుటము. అందువలన వెల హెచ్చు. అతుకుల వీణ చవుక. పనితనము గల యతుకును హీనమనుట మాత్రము తగదు.

1998లో కడపలో నొక వర్తకునియొద్ద మా అమ్మాయికై రూ. 3,500లకు వీణ కొంటిని. (నేడా సొమ్మునకు పెద్ద వీణ రాదు.) మెరుగు చూచి మోసపోతిని, అది పచ్చికర్ర! మన కర్నూలు, కడప యెండలు మీరెరుగనివి కావు. వైశాఖమున దండి యతుకు విచ్చెను; మైనము మెత్తబడి 24 మెట్లలో కొన్ని యొరగెను. మైనమును మేళము కట్టువాడు దిద్దగలడు. ఆరని కర్ర నెవ్వడు దిద్దును? పాఠము ఆరునెలలు నిలిచెను. పిల్ల మరల వీణ ముట్టలేదు.

కావున మ్రాను కోసి యెన్నేండ్లయినదో ముందడుగుడు. పిమ్మట ప్రతి మెట్టును మీటి వినుడు. వెల మాట ఆ తరువాత.