సార్ గారూ... మా ప్రశ్న మీ దాకా వచ్చిందా?

2024 ఏప్రిల్‌లో ఓ శనివారం సాయంత్రం. పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మా నియోజకవర్గం అభ్యర్థి ఒకాయన ఆన్‌లైన్‌లో ఓటర్ల ప్రశ్నలకి జవాబులు చెబుతారట! ‘మహిళలతో ముఖాముఖి’ అని పేరు కూడా పెట్టారు.

మా కాలనీ ఆడవాళ్లకి ఓ వాట్సాప్ గ్రూపు ఉంది. మామూలుగా అందులో పాలవాడు రాలేదనీ, కరెంటు పోయిందనీ కబుర్లే. నాలుగు రోజుల ముందు ఓ లింకు వచ్చింది, ప్రశ్నలు ముందుగా పంపమని. “నీకెందుకొచ్చిన గొడవ?” అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండానే. అత్తయ్యగారు మాత్రం “అడగవే అమ్మాయ్, అడిగితే సొమ్మేం పోతుంది?” అన్నారు.

మా వార్డులో వాటర్ ట్యాంకుకి శంకుస్థాపన జరిగి అప్పటికి అయిదేళ్లు. స్తంభాలు లేచాయి గానీ ట్యాంకు లేవలేదు. కుళాయి నాలుగు రోజులకోసారి, అదీ తెల్లవారుజామున మూడింటికి! ‘ఆగిపోయిన ట్యాంకు ఏ నెలకి పూర్తిచేస్తారు? డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారు?’ అని రాశాను. సందు చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడకి స్మార్ట్‌ఫోన్ లేదు. విషయం తెలిసి వచ్చింది. “అమ్మా, నాదీ ఒకటి రాయండి. మా వీధికి పైపు ఎప్పుడేస్తారో అడగండి. బిందెలు పట్టుకుని పెద్ద రోడ్డు దాటాలి. పోయినేడు అక్కడే మా పాప కాలు విరిగింది” అంది. ఆమె మాటల్లోనే రాసి పంపాను.

తీరా ఏం జరిగిందంటారా? యాంకర్ కుర్రాడు నా పేరు చదివాడు. గుండె దడదడలాడింది. “ఈ సోదరి ఏమడుగుతున్నారంటే... మంచినీటి సమస్యపై మీ దార్శనికత ఏమిటి సార్?” అన్నాడు. నెల లేదు, డబ్బు లేదు, ట్యాంకు ఊసే లేదు! సారుగారు పది నిమిషాలు మాట్లాడారు. ఆడవాళ్లంతా తనకి అమ్మతో సమానమన్నారు. “అది కాదండీ నా ప్రశ్న” అందామంటే మైకులన్నీ వాళ్లే ఆపేశారు. ఇస్త్రీ బండి ఆవిడ ప్రశ్న అసలు చదవనే లేదు. ఇక్కడ పులుసు మాడింది.

మ్యూట్‌లో పెట్టడం మనకేం కొత్త కాదులెండి. అయినా ఆరోజు ఎందుకో చాలా బాధేసింది.

అక్కడా ఇదే గొడవ

ఈ ఆన్‌లైన్ ప్రశ్నల ముచ్చట ఇవాళ్టిది కాదు. 2007 జులై 23న అమెరికాలోని చార్లెస్టన్‌లో డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీపడుతున్నవాళ్లతో సీఎన్‌ఎన్, యూట్యూబ్ కలిసి ఓ చర్చ పెట్టాయి. ప్రశ్నలడిగింది విలేకరులు కాదు, ఇంట్లో కూర్చుని వీడియో తీసి పంపిన మామూలు జనం. మంచుబొమ్మ చేత కూడా ఒకరు ప్రశ్న అడిగించారు, భూమి వేడెక్కుతోంది, ఏం చేస్తారని! మనకి పడని దేశాల అధినేతలతో షరతుల్లేకుండా మాట్లాడతారా అని ఓ ఓటరు అడిగితే, మాట్లాడతానని బరాక్ ఒబామా, అలా మాటివ్వలేనని హిల్లరీ క్లింటన్ చెప్పారు. ఆ ఒక్క ప్రశ్న మీద వాళ్లిద్దరి మధ్యా రోజుల తరబడి వాదన నడిచింది. కానీ వేల వీడియోల్లోంచి ఏవి చూపించాలో ఎంచింది మాత్రం చానెల్ వాళ్లే. జల్లెడ అక్కడా ఉందన్నమాట!

మన దేశంలోనూ 2012 ఆగస్టు 31న, అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ఆన్‌లైన్‌లో జనం ప్రశ్నలకి జవాబులిచ్చారు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ ఎన్నికలు. ఇప్పుడైతే చిన్న ఊరి అభ్యర్థికి కూడా ఇది మామూలైపోయింది.

అమ్మమ్మకి ఎవరు లింకు పంపారు?

ఆ రాత్రి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్లది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకినప్పుడు నాకు ఆరేళ్లు. ‘సారా ఇంటి ముందుకొస్తోందే, మరి నీళ్లెందుకు రావు?’ అని వచ్చిన ప్రతి అధికారినీ అడిగేదట అమ్మమ్మ. వేలిముద్ర మనిషి. ఆమెకెవరూ లింకు పంపలేదు, మైకివ్వలేదు. అయినా అలాంటి ఆడవాళ్లంతా కలిసి వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఒక్కరే అడగలేదు, ఒక్కసారే అడగలేదు. మేం చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆరుగురం మా ఇంట్లో కూర్చున్నాం. అభ్యర్థులందరి అఫిడవిట్లూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. సుప్రీంకోర్టు 2002, 2003లో ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ చెప్పి తీరాలి. నిజం చెప్పొద్దూ, మేం ముందుగా చూసింది భార్యగార్ల బంగారం ఎన్ని గ్రాములా అనే! ఆ తర్వాతే కేసులూ అప్పుల దాకా వెళ్లాం. ప్రభుత్వ క్వార్టర్లలో ఉన్నవాళ్లు నీళ్ల బిల్లు, కరెంటు బిల్లు బాకీ ఉన్నారో లేదో కూడా అందులో రాయాలని నాకు ఆరోజే తెలిసింది.

మా ప్రశ్నలు అయిదు, తెల్ల కాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టాం. ఇస్త్రీ బండి ఆవిడది మొదటి ప్రశ్న. వారం తిరక్కుండా ఆ సారుగారు మా వీధికి ప్రచారానికొచ్చారు. హారతిపళ్లెంతో పాటు కాగితం కూడా పెట్టాం. “పైపు ఎప్పుడు సార్?” అని ఆవిడే అడిగింది. ఆయన ఓ క్షణం ఆగి, “గెలిస్తే ఆర్నెల్లలో” అన్నారు. మా అమ్మాయి ఫోన్లో అంతా రికార్డు చేసింది. మిగతా అభ్యర్థులకీ అదే కాగితం ఇచ్చాం. ఒకరు తీసుకున్నారు, ఒకరు తర్వాత చూస్తామన్నారు.

మీరూ అడగాలనుకుంటే...

• ‘మీ అభిప్రాయం ఏమిటి’ అనకండి. ఏ పని, ఏ నెలకి, ఎంత డబ్బుతో అని అడగండి. జవాబు అప్పుడు జారిపోదు.

• పంపిన ప్రశ్నని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మార్చి చదివితే అసలు ప్రశ్నని గ్రూపుల్లో పెట్టండి.

• ప్రశ్న పంపడానికి ఓటరు కార్డు నంబరు, ఆధార్, ఓటీపీ అడిగే లింకుల జోలికి వెళ్లకండి. ప్రశ్నకీ వాటికీ సంబంధం లేదు.

• అభ్యర్థి మీద కేసులుంటే ఆ వివరాలు ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలి. 2018 నుంచి ఆ నియమం ఉంది. 2024 ఎన్నికల్లో ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లోనూ చూసే వీలుండేది.

• పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోతుంది. కాబట్టి ఆఖరి రోజుదాకా ఆగకండి.

• ఫోన్ లేనివాళ్ల ప్రశ్నని మీ ఫోన్లోంచి పంపండి. వాళ్ల మాటల్లోనే.

ఆయన గెలిచారో లేదో ఇక్కడ చెప్పను. ఎవరు గెలిచినా మా కాగితం వాళ్ల దగ్గరుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున దాని ఫొటో వార్డు ఆఫీసుకీ, ఎమ్మెల్యేగారి ఆఫీసుకీ పంపుతున్నాం. పైపు సగం వీధిదాకా వచ్చింది. ట్యాంకు ఇంకా స్తంభాల మీదే ఉంది. మావారు ఇప్పుడు “ఈ నెల పంపావా?” అని తనే గుర్తు చేస్తున్నారు!

మొన్న చీరలు ఇస్త్రీకిచ్చేటప్పుడు, పైపు సంగతి అడుగుతుందేమో, ఏం చెప్పాలా అనుకుంటున్నాను. ఆవిడ పెట్టెలో బొగ్గులు సర్దుతూ అంది కదా, “అమ్మా, మళ్లీ ఎప్పుడడుగుదాం?”