కోట మీద జనం, కోట కింద నగరం

సనాబిస్‌లో కాపురముంటున్న తెలుగువాళ్ళకి, ఊరి నుంచి చుట్టాలొస్తే చూపించాల్సిన చోట్ల జాబితా పెద్దదేం కాదు. డానా మాల్ పక్కనే ఉంది. దాన్ని మనం చూపించక్కర్లేదు, రెండో రోజుకల్లా వాళ్ళే కనుక్కుంటారు. మిగిలింది పడమటి వైపు, సీఫ్ దాటాక కర్బాబాద్ ఊరి అంచున, సముద్రం ఒడ్డునున్న కలాత్ అల్ బహ్రెయిన్. వాడుకలో బహ్రెయిన్ ఫోర్ట్. కొందరు ఇప్పటికీ పోర్చుగీస్ ఫోర్ట్ అనే అంటారు. కారులో పది నిమిషాల దారి. శుక్రవారం సాయంత్రం బయల్దేరేవాళ్ళు మాత్రం ఆ పది నిమిషాల లెక్క ఇంట్లోనే వదిలేసి రావాలి.

జనాన్ని తప్పించుకోవాలంటే ముందు ఆ జనం ఎందుకొస్తున్నారో తెలియాలి. ఇక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది చరిత్ర కోసం రారు, సూర్యాస్తమయం కోసం వస్తారు. అందులో తప్పేం లేదు. బహ్రెయిన్ చదునైన దీవి. ఉత్తర తీరంలో చాలా భాగం సముద్రాన్ని పూడ్చి కట్టిందే. కాస్త ఎత్తు మీద నిలబడి, అడ్డంలేని నీళ్ళ మీదకి సూర్యుడు దిగడం చూడగలిగే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మనామా కుటుంబాలు, జాగింగ్ చేసేవాళ్ళు, పెళ్ళి ఫొటోలవాళ్ళు, 1986లో తెరిచిన కింగ్ ఫహద్ కాజ్‌వే మీదుగా సౌదీ నుంచి దిగేవాళ్ళు అంతా అక్కడే చేరతారు. 2013లో సౌదీ కూడా వారాంతాన్ని శుక్ర, శనివారాలకి మార్చుకున్నాక రెండు దేశాల సెలవులూ ఒకటే అయిపోయాయి. ట్రాఫిక్‌కి సరిహద్దుల పట్టింపు లేదు.

కానీ ఆ జనమంతా పగటి వెలుతురు చివరి రెండు గంటల్లోనే, ఒకే రోడ్డున వచ్చి, కోట గోడల చుట్టూ, సముద్రం వైపు దారిలో నిలబడి, చీకటి పడగానే వెళ్ళిపోతారు. చోటు ఇరుకై వచ్చిన రద్దీ కాదిది, వేళ ఒకటై వచ్చిన రద్దీ. ఇలాంటిదాన్ని తప్పించుకోవడం తేలిక. క్రొయేషియాలోని దుబ్రోవ్‌నిక్‌కి ఆ అదృష్టం లేదు. అక్కడ గోడల లోపలి పాతనగరంలోకి ఓడల కొద్దీ జనం దిగుతుంటే 2019 నుంచి రోజుకి రెండు క్రూయిజ్ ఓడలే అని పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. మనకి గడియారం చూసుకుంటే చాలు.

ఫొటోల్లో పడే కోట ఈ చోటికి పైపొర మాత్రమే. అసలు నగరం దాని కింద, దాని చుట్టూ ఉంది. సుమారు 600 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పున్న ఈ దిబ్బ ప్రకృతి పోసింది కాదు. క్రీ.పూ. 2300 ప్రాంతం నుంచి మనుషులు కట్టుకోవడం, కూలిపోవడం, కూలినదాని మీదే మళ్ళీ కట్టుకోవడం వల్ల 12 మీటర్ల దాకా పెరిగింది. 1954లో పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీల నాయకత్వంలో డెన్మార్క్ బృందం ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. సుమేరియన్ పలకల మీద పేరుగా మాత్రమే మిగిలిన దిల్మున్ రాజ్యపు రాజధాని ఇదేనని తేలింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పటికి తవ్వింది పాతిక శాతమే. మిగిలిన ముప్పాతిక మీద సాయంత్రాలు పిల్లలు పరుగులు తీస్తుంటారు.

దిల్మున్ నగరానికి ప్రాకారం ఉండేది. పోర్చుగీసువాళ్ళ కంటే సుమారు 3,500 ఏళ్ళ ముందటిది. ఉత్తరం వైపు తవ్వకాల్లో ఆ గోడ భాగం బయటపడింది. దిబ్బ నడుమ రాతి కట్టడాలు, వీధి కనిపిస్తాయి. కోట కిటకిటలాడే వేళ కూడా ఈ గుంటల దగ్గర మనిషి ఉండడు. ఎక్కడానికి బురుజు లేదు, మట్టిరంగు గోడలు, వెనక సూర్యుడిని పెట్టుకుని ఫొటో దిగే వీల్లేదు. రద్దీకి కావాల్సిన అర్హతలు ఒక్కటీ లేవు.

అక్కడే వంగి చూడాల్సింది ఒకటుంది. ఒక గది నేల మీద పక్కపక్కన సన్నటి గట్లు, గట్ల మధ్య కాలవలు, రేకుల షెడ్డు పైకప్పుని తెచ్చి నేల మీద పరిచినట్టుంటుంది. దీన్ని మద్బసా అంటారు. ఖర్జూరాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. పైబరువుకి, ఎండ వేడికి రసం కారి, కాలవల్లో పారి, చివరనున్న కుండీలో చేరేది. ఇక్కడ దొరికినవాటిలో కొన్ని క్రీ.పూ. రెండో సహస్రాబ్దివి. ఆ రసమే దిబ్స్, ఖర్జూర పాకం. ఈ రోజుకీ బహ్రెయిన్ కిరాణా కొట్లలో సీసాల్లో దొరుకుతుంది.

ఇంకో గదిలో నేల కింద పాతిపెట్టిన గిన్నెలు దొరికాయి. వాటిలో పాముల ఎముకలు, కొన్నిటిలో నీలిపచ్చ రాతి పూస. ఎందుకు పెట్టారో వాళ్ళు రాసి పెట్టలేదు. పుట్టలో పాలు పోసి ఇంటికొచ్చే మనం మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇవి చూడాలంటే మ్యూజియంలోకి వెళ్ళాలి. 2008లో తీరాన్ని ఆనుకుని కట్టిన ఈ మ్యూజియంలో దిబ్బని నిలువునా కోసినట్టు పొరలన్నీ చూపించే పెద్ద గోడ ఒకటుంది. బయట గుంటల్లో ఏది ఏ కాలానిదో ఆ గోడ చూశాకే అర్థమవుతుంది. కాబట్టి మ్యూజియం ముందు, దిబ్బ తర్వాత. చాలామంది కోటలో అలిసిపోయి, చివర్లో మ్యూజియం కఫేలో కాఫీ తాగి, మ్యూజియం కూడా చూశామనుకుంటారు.

తవ్వకాల్లో సింధు నాగరికత తూకపు రాళ్ళు కూడా దొరికాయి. ఒమన్ రాగి మెసొపొటేమియాకి ఈ రేవు మీదుగానే వెళ్ళేది. తూకాలేమో సింధు లోయవి. గల్ఫ్‌కి మనవాళ్ళు నిన్నగాక మొన్న వీసాలతో వచ్చారనుకుంటాం. నాలుగు వేల ఏళ్ళ కిందటే ఇక్కడ సరుకు మన వైపు తూకంతో తూగింది.

కోటని కూడా తీసిపారేయక్కర్లేదు. హోర్ముజ్ పాలకులు కట్టుకున్నదాన్ని, 1521లో దీవిని గెలిచిన పోర్చుగీసువాళ్ళు తర్వాత పెంచి పటిష్ఠం చేశారు. 1529లో తిరుగుబాటు అణచడానికి వచ్చిన వాళ్ళ దండు మందుగుండు చాలక, మళ్ళీ తెప్పించుకునే లోపు జ్వరాలు పట్టి చాలామందిని పోగొట్టుకుంది. ఈ ఊరి వాతావరణాన్ని చులకనగా తీసుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు తెలీదు. 1602లో పర్షియన్లు వచ్చి పోర్చుగీసుల కథ ముగించారు.

కోట దగ్గరే మూగి మిగతాది వదిలేయడం ఇక్కడి జనానికే పరిమితం కాదు, గోల్కొండలోనూ తీరు ఇంతే. అందరూ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి బాలాహిస్సార్ మెట్లెక్కుతారు. గోడల లోపలి నయా ఖిలాలో అంత పెద్ద బావోబాబ్ చెట్టుంటే దాని దగ్గరకి వెళ్ళేవాళ్ళు తక్కువ. దారిలో గోల్ఫ్ కోర్సు వచ్చి కూర్చోవడం అందుకు కొంత కారణమనుకోండి.

ఇక వేళల సంగతి. మనవాళ్ళలో చాలామందికి సెలవు శుక్రవారం ఒక్కటే. బాధపడాల్సిన పనేం లేదు, శుక్రవారం పొద్దున్నే ఇక్కడ అన్నిటికంటే ప్రశాంతం. ఊరంతా ఆలస్యంగా లేస్తుంది, తర్వాత మధ్యాహ్నం నమాజు. జనం కదిలేది ఆ తర్వాతే. నవంబరు నుంచి మార్చి దాకా నడవడానికి హాయి. డిసెంబరులో ఐదు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, అంటే మూడింటికే కార్లు మొదలవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం జనమే ఉండరు, కానీ ఆ ఖాళీకి కారణం మీకూ వర్తిస్తుంది. రంజాన్ పగళ్ళు నిశ్శబ్దం. వేళలు మారతాయి కాబట్టి తలుపులు తీసి ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్ళాలి, బయట మంచినీళ్ళు కూడా తాగకూడదు. ముహర్రం మొదటి పది రోజులు సనాబిస్ వీధుల్లోనే ఊరేగింపులుంటాయి. అప్పుడు కోట దగ్గర జనం గురించి కాదు, మన వీధిలోంచి కారు బయటపడటం గురించి ఆలోచించుకోవాలి.

ఇంత చెప్పాక కూడా మామగారు సూర్యాస్తమయం ఫొటో కావాల్సిందే అంటే వాదించకండి. మధ్యాహ్నం రెండింటికల్లా తీసుకెళ్ళి మ్యూజియం చూపించండి, తవ్వకాల చుట్టూ తిప్పండి. ఎదురుగా జనం లోపలికి వస్తుండగా ఆ ఒక్క ఫొటో తీసేసి, సూర్యుడు పూర్తిగా మునిగే వరకూ ఆగకుండా బయటపడండి. ఆ తర్వాత అందరూ ఒకేసారి రివర్స్ గేర్ వేస్తారు.