ఇంజను లేని విమానానికి ఎలాంటి రేడియో?

మోటారున్న మోడల్ విమానం ఎత్తు కోల్పోతుంటే థ్రాటిల్ కాస్త పెంచితే సరి. గ్లైడర్‌కు ఆ వెసులుబాటు లేదు. గాలిలో నిలదొక్కుకోవాలన్నా, వేగం అందుకోవాలన్నా, చిన్న జాగాలో దిగాలన్నా రెక్క ఆకారం మార్చుకోవాల్సిందే. ఆ మార్పు చేయించేది నేలమీద నిలబడ్డ మనిషి చేతిలోని ట్రాన్స్‌మిటర్. కాబట్టి గ్లైడర్ కోసం రేడియో కొనేవారు ఛానళ్లెన్ని, రేంజ్ ఎంత అని అడిగేకంటే ముందు దాని లోపలి ప్రోగ్రాం ఏపాటిదో చూడాలి.

పోటీల్లో ఎగిరే గ్లైడర్‌నే తీసుకుందాం. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు మూడున్నర, నాలుగు మీటర్లు. ఒక్కో రెక్క వెనక అంచులో ఒక ఏలెరాన్, ఒక ఫ్లాప్. తోకలో ఎలివేటర్, రడ్డర్. వీటిని కదిపే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, మొత్తం ఆరు. వేడెక్కి పైకి లేచే గాలిలో, అంటే థర్మల్‌లో చుట్లు కొట్టేటప్పుడు రెక్క వెనక అంచు మొత్తం రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి వంగాలి. అప్పుడే తక్కువ వేగంలోనూ రెక్క బరువు మోస్తుంది. ఎదురుగాలిలో ఇంకో థర్మల్ వెతుక్కుంటూ పోయేటప్పుడు అదే అంచు కాస్త పైకి లేవాలి. ఇదంతా ఒక్క స్విచ్‌తో జరిగిపోవాలి. పైగా ఒక్కో స్థితికి ఎలివేటర్ ట్రిమ్ వేరు, ఏలెరాన్ల కదలిక వేరు. వీటిని ఫ్లైట్ మోడ్‌లంటారు. కనీసం నాలుగు లేని సెట్టును గ్లైడర్‌కు నేను సిఫారసు చేయను.

అసలు పరీక్ష దిగేటప్పుడు. ఫ్లాప్‌లు రెండూ 80 డిగ్రీల దాకా కిందికి దిగుతాయి, ఏలెరాన్లు కొద్దిగా పైకి లేస్తాయి. దీన్ని క్రో బ్రేకు అంటారు. ఫ్లాప్‌లు దిగగానే ముక్కు పైకి లేవబోతుంది. దాన్ని అణచడానికి ఎలివేటర్ కిందికి కదలాలి. ఎంత కదలాలన్నది సరళరేఖలో సాగదు. బ్రేకు వేసిన మొదట్లోనే ఎక్కువ కావాలి, ఆ తర్వాత పెంచాల్సింది తక్కువ. బ్రేకుతో పాటు ఎలివేటర్‌ను కదిపే ఈ మిక్సింగ్‌కు చవక సెట్లలో ఒకే నిష్పత్తి పెట్టగలం. దాంతో విమానం మొదట ఎగదన్నుతుంది, చివర్లో ముక్కు దించేస్తుంది. మంచి సెట్టులో ఐదారు బిందువుల వంపు గీసుకోవచ్చు. కుడి, ఎడమ ఫ్లాప్‌ల సర్వోలు కూడా ఎంత జాగ్రత్తగా బిగించినా అచ్చం ఒకేలా కదలవు. ఒక వైపు కదలికను రెండో వైపుతో బిందువు బిందువుకూ సరిపోల్చే వీలుండాలి. లేకపోతే నేలకు రెండు మీటర్ల ఎత్తులో బ్రేకు వేసినప్పుడు రెక్క ఒరిగిపోతుంది.

సాధారణంగా ఈ బ్రేకును థ్రాటిల్ కర్రకే ఇస్తారు. ఆ కర్ర టకటకమంటూ పళ్ల మీద ఆగుతూ కదిలే రకమైతే బ్రేకును సన్నగా సవరించడం కుదరదు. లోపలి పళ్ల రేకును వదులుచేసి, కర్ర నున్నగా జరిగేలా చేసుకునే ఏర్పాటు ఉందా అని కొనే ముందే అడగాలి.

ఇక తరంగాల సంగతి. ఒకప్పుడు అమెరికాలో 72, ఐరోపాలో 35 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు వాడేవారు. ఒకే ఛానల్‌లో ఇద్దరు స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం కూలినట్టే. అందుకే మైదానంలో బోర్డు పెట్టి, ఛానల్ నంబరున్న క్లిప్పు చేతికి వస్తే తప్ప సెట్టు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లతో ఆ బెడద తీరింది. విమానంలోని రిసీవర్ తనకు జతచేసిన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. కానీ ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, కార్బన్ ఫైబర్ దాన్ని అడ్డుకుంటుంది. పోటీ గ్లైడర్ల ఒళ్లంతా తరచుగా కార్బనే. రిసీవర్ యాంటెన్నాలో పనిచేసే భాగం చివరి 31 మిల్లీమీటర్లే. అది ఒంటి బయటికి రావాలి, రెండుంటే ఒకదానికొకటి లంబంగా ఉండాలి. వేల రూపాయలు పోసి రేంజ్ కొనేకంటే ఈ 31 మిల్లీమీటర్లను సరిగ్గా అమర్చడం ఎక్కువ మేలు చేస్తుంది.

సంకేతం తెగిపోతే సర్వోలు ఎక్కడ నిలవాలో కూడా మనమే చెప్పిపెట్టాలి. ఉన్నచోటే ఉండమంటే, థర్మల్‌లో చిక్కిన గ్లైడర్ అలాగే పైకి పోతూ కంటికి అందకుండా పోవచ్చు. మోటారుంటే ఆగిపోవాలి, సగం బ్రేకు తెరుచుకోవాలి, రడ్డర్ కొంచెం పక్కకు తిరగాలి. అప్పుడు చుట్లు తిరుగుతూ మెల్లగా దిగుతుంది.

విమానం నుంచి కిందికి సమాచారం పంపే టెలిమెట్రీ గ్లైడర్‌కు ఇంకో చెవి లాంటిది. నేల దగ్గర్లో ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే గాలి పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఆ చిన్న తేడాను పట్టే సెన్సరు విమానం లేస్తుంటే పలచని కూత, దిగుతుంటే బొంగురు కూత వినిపిస్తుంది. మూడు వందల మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు కన్ను పట్టలేని కదలికను చెవి పడుతుంది. కొన్ని అంతర్జాతీయ పోటీ విభాగాల్లో దీన్ని అనుమతించరు. సరదాగా ఎగరేసేవారికి మాత్రం ఇంతకంటే మంచి గురువు దొరకదు.

అమెరికాలోని బంధువులతో సెట్టు తెప్పించుకునేవారు ఒకటి గమనించాలి. అక్కడ కొన్ని సెట్లు వాడే 915 మెగాహెర్ట్జ్ బ్యాండు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకునే బ్యాండు కాదు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్టే తీసుకోవాలి.

ఫుటాబా, జెటి, ఫ్రస్కై, రేడియోమాస్టర్... పేర్లు చాలా ఉన్నాయి. మీ మైదానంలో అనుభవమున్నవారు వాడేదే మీకూ మంచిది, సెట్టింగులో చిక్కుపడితే పక్కనే చెప్పేవారుంటారు. డబ్బు తక్కువైతే ఎడ్జ్‌టీఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంతో నడిచే సెట్లు చూడండి. పైన చెప్పిన వంపులు, మోడ్‌లు అన్నీ వాటిలో ఉంటాయి, నేర్చుకోవడానికే ఓపిక కావాలి. దాని కంపానియన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సెట్టు కొనకముందే కంప్యూటర్లో ఆరు సర్వోల గ్లైడర్‌ను తయారుచేసి, తెరమీది కర్రలు కదిపి, క్రో బ్రేకు వేస్తే ఏ సర్వో ఎటు పోతుందో చూసుకోవచ్చు.