కారు ధర తగ్గింది, బిల్లు తగ్గలేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఖరీదైన కారు ఇప్పుడు పెద్ద వింత కాదు. పలాస జీడిపప్పు వ్యాపారులు, టెక్కలి గ్రానైటు క్వారీల వాళ్లు, పైడిభీమవరం పరిశ్రమల్లో పనులు చేసే కాంట్రాక్టర్లు, రొయ్యల చెరువుల యజమానులు, చేతినిండా ప్రాక్టీసున్న డాక్టర్లు కొంటూనే ఉన్నారు. దేశం మొత్తం మీద చూస్తే మాత్రం ఈ కార్లు పిడికెడే. 2024లో మెర్సిడెస్ బెంజ్ 19,565 కార్లు అమ్మింది. మినీతో కలిపి బీఎండబ్ల్యూ 15,721, ఆడి 5,816 అమ్మాయి. అదే ఏడు దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలు 43 లక్షల దాకా ఉన్నాయి. అయితే కొత్త కారును షోరూము ధరకు కొనేవాడి గురించి మనం బెంగపడనక్కర్లేదు. ఎంత పెడుతున్నాడో అతనికి తెలుసు, మూడేళ్లో ఎంతో కంపెనీ వారంటీ కూడా ఉంటుంది. ఆలోచించాల్సింది రెండో కొనుగోలుదారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఢిల్లీలోనో ఆరేడేళ్లు తిరిగిన 60 లక్షల కారు 20, 25 లక్షలకు వస్తుందని తెలిసి, ‘ఆ డబ్బుకు కొత్త ఇన్నోవా ఎందుకు, బెంజే కొనుక్కోవచ్చు కదా’ అనుకునేవాడు. ఈ లెక్కలో ఒక పొరపాటుంది. వయసుతో పాటు కారు ధర పడుతుంది గానీ, దాని టైరు ధర, బ్రేకు ధర, హెడ్‌లైటు ధర పడవు. అవి ఎప్పటికీ 60 లక్షల కారు విడిభాగాలే. శ్రీకాకుళంలో ఉండేవాడికి ఈ తేడా హైదరాబాదు వాడికంటే ఎక్కువ తగులుతుంది.

ధర అంత వేగంగా ఎందుకు పడుతుందో ముందు చూద్దాం. షోరూములో 60 లక్షలు పలికే పెట్రోలు లేదా డీజిలు కారులో 17 లక్షలకు పైగా జీఎస్టీయే. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు తీసేసి ఒకే 40 శాతం చేశారు, అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉండేది. ఆ పైన 20 లక్షలు దాటిన కారుకు మన రాష్ట్రంలో జీవితపన్ను 18 శాతం, అంటే దాదాపు 11 లక్షలు. ఇన్సూరెన్సును పక్కన పెట్టినా మొదటి యజమాని ఇచ్చిన 71 లక్షల్లో 28 లక్షలు పన్నులకే పోయాయి. పన్నును ఎవరూ తిరిగి కొనరు కాబట్టి కారు గేటు దాటిన రోజే ఆ డబ్బు ఆవిరి. ఇన్సూరెన్సు కంపెనీల తరుగుదల పట్టిక కూడా ఇదే చెబుతుంది: ఏడాదిలోపు 15 శాతం, మూడో ఏడు నిండేసరికి 30, అయిదో ఏడు నిండేసరికి 50. కాబట్టి రెండో కొనుగోలుదారుకు తక్కువకు దొరుకుతుందన్నది భ్రమ కాదు. మొదటివాడు కట్టిన పన్నులో చాలా భాగం ఇతనికి కలిసొచ్చింది. చిక్కంతా ఆ తర్వాత.

ఇన్సూరెన్సు సంగతే తీసుకోండి, ఎందుకంటే చాలామంది ధైర్యం అక్కడే ఉంటుంది. 1500 సీసీ దాటిన సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ. 7,897. అది ఇన్నోవాకైనా బెంజ్‌కైనా ఒకటే. మన కారుకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం కారు విలువను బట్టి ఉంటుంది. కారు విలువ 20 లక్షలకు పడింది కాబట్టి ప్రీమియం కూడా తగ్గింది, బాగానే ఉంది. కానీ మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే కంపెనీ బాగుచేయించదు, కారు పూర్తిగా పోయినట్టే లెక్కగడుతుంది. 20 లక్షల విలువకు ఆ హద్దు 15 లక్షలు. రాత్రివేళ హైవే మీద అడ్డొచ్చిన గేదెను గుద్దితే ఏమేమి పోతాయో లెక్క వేయండి. ఇలాంటి కారులో ఎల్ఈడీ హెడ్‌లైటు ఒక్కటే లక్ష దాటుతుంది, అవి రెండు. బంపరు, దాని వెనక సెన్సర్లు, రేడియేటరు, ఏసీ కండెన్సరు, బానెట్టు, విచ్చుకుంటే ఎయిర్‌బ్యాగులు. కొత్త కారుకైతే మామూలు క్లెయిముగా పోయే దెబ్బ, ఏడేళ్ల కారును తుక్కు కింద జమ చేయించగలదు. దీనికితోడు తరుగుదల కోత లేకుండా పూర్తి డబ్బు ఇచ్చే ‘జీరో డెప్’ పాలసీని చాలా కంపెనీలు అయిదేళ్లు దాటిన కారుకు ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు సగం మన జేబులోంచే. ఇప్పటి కార్లలో ముందు భాగంలో ప్లాస్టిక్కు చాలానే ఉంటుంది.

ఇక దూరం. ఈ కార్లకు సర్వీసంటే విశాఖపట్నమే. విజయనగరం వాళ్లకు ఆ బాధ సగమే, శ్రీకాకుళం పట్నం నుంచి వంద కిలోమీటర్ల పైమాట, ఇచ్ఛాపురం నుంచి రెండు వందలు దాటుతుంది. ఇది ఎంత ముఖ్యమో రన్‌ఫ్లాట్ టైరు దగ్గర తెలుస్తుంది. ఈ తరగతి కార్లు చాలావాటికి స్టెప్నీ ఉండదు. పంక్చరు పడినా గాలి లేకుండానే గట్టి పక్కగోడల మీద నడిచే టైర్లు వేస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చని కంపెనీలు చెబుతాయి. ఢిల్లీలోనో ముంబయిలోనో ఆ 80 కిలోమీటర్లలో నాలుగు వర్క్‌షాపులు తగులుతాయి. నరసన్నపేట దగ్గర పంక్చరు పడితే ఆ టైరు విశాఖ దాకా రాదు. రణస్థలం పంక్చరు షాపులో దాన్ని రిమ్ము నుంచి ఊడదీసే యంత్రం ఉండకపోవచ్చు. ఉన్నా, గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌కు అతుకు వేయొద్దనే తయారీదారులు చెబుతారు. ఆ సైజు టైరు మన ఊళ్లో స్టాకు ఉండదు, తెప్పించుకోవాలి, అంతవరకు కారు కదలదు. అందుకే తెలిసినవాళ్లు మొదట చేసే పని డిక్కీలో ఒక స్టెప్నీ, చిన్న కంప్రెసరు పెట్టుకోవడం. వీలైతే నాలుగూ మామూలు టైర్లకు మార్చేస్తారు.

మన మెకానిక్కులకు పని రాక కాదు. అంబాసిడరు నుంచి బొలెరో దాకా చెవితో విని జబ్బు చెప్పగల చేతులు మన షెడ్లలో ఉన్నాయి. కానీ ఈ కారు జబ్బును చెవికి చెప్పదు, కంప్యూటరుకు చెబుతుంది. ఆ కంపెనీ సాఫ్టువేరు ఉన్న యంత్రం తగిలిస్తేనే ఏ సెన్సరు పోయిందో తెలుస్తుంది. బీఎండబ్ల్యూ కార్లు చాలావాటిలో బ్యాటరీ మార్చినా, కొత్తది వేశామని కంప్యూటరులో నమోదు చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీకి పెట్టినట్టే దీనికీ చార్జింగు పెట్టి కొత్తదాని ఆయుష్షు తగ్గిస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే చక్రాల మీద ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు గాలి సంచులుంటాయి. వయసు మీదపడ్డాక ఆ రబ్బరు పగుళ్లిస్తుంది. రాత్రి నిలబెట్టిన కారు పొద్దున్నకు ఒక పక్కకు కుంగి కనిపిస్తే సంచి కారుతున్నట్టే. చూసీచూడనట్టు వదిలేస్తే, కారిన గాలిని నింపలేక కంప్రెసరు కూడా కాలిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం మన ప్రాంతానికి మేలుంది. డీజిలు కారు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే కాసేపు ఆగకుండా నిలకడ వేగంతో పోవాలి. నగరం ట్రాఫిక్కులో అది జరగక ఫిల్టరు పూడుకుపోతుంది. వారానికోసారైనా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కే కారుకు ఆ బెడద తక్కువ.

రాష్ట్రంలో అతి పొడవైన తీరం శ్రీకాకుళానిదే. ఉప్పుగాలి కారు అడుగుభాగాన్ని, వైర్ల కలయికలను, అల్లాయ్ రిమ్ములను తినేస్తుంది. తుపాన్ల సంగతి చెప్పనక్కర్లేదు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. సమగ్ర పాలసీ తుపానుకు, వరదకు వర్తిస్తుంది. కానీ నీట మునిగిన కారును స్టార్టు చేయబోతే ఇంజన్లోకి నీరు వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు, ‘ఇంజన్ ప్రొటెక్షన్’ విడిగా తీసుకోవాలి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ల వాళ్లు ఆ కాస్త ప్రీమియం దగ్గర పిసినారితనం చూపకూడదు.

దీనికంటే నెమ్మదైన నష్టం, తిప్పకుండా ఉంచడం. కారు సొంతూళ్లో పెట్టి, తాము హైదరాబాదులోనో గల్ఫులోనో ఉండి, సంక్రాంతికి వచ్చి తొక్కే యజమానులు మన దగ్గర తక్కువేం కాదు. తిరగని కారుకు బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకచోట చదునుదేరతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. అది 1912 నాటిది. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అది చేతికందకముందే 1911లో కన్నుమూశాడు. ఏడో నిజాం దాన్ని ఊరేగింపులకు తప్ప తీయలేదు, దశాబ్దాల్లో కొన్ని వందల మైళ్లే తిరిగింది. చివరికి దాన్ని విప్పదీసి బాగుచేయిస్తే తప్ప మళ్లీ కదల్లేదు. నిజాం కుటుంబానికి ఆ స్తోమత ఉంది.

కంపెనీ వర్క్‌షాపుకే ఎందుకు, బయటి గ్యారేజీలు సగం ధరకే చేస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇందులో చాలా నిజముంది. బాష్, మాన్, జెడ్‌ఎఫ్ లాంటి సంస్థలే కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసిస్తాయి. కంపెనీ డబ్బా లేకుండా అదే వస్తువు బయట చవగ్గా దొరుకుతుంది. గేరుబాక్సు ఆయిలు జీవితకాలం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ చెబుతుంటే, ఆ గేరుబాక్సు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మంచి బయటి గ్యారేజీ వాడు ఈ మాట ముందే చెబుతాడు. అయితే అలాంటి గ్యారేజీ కూడా విశాఖకు ఇవతల దొరకడం కష్టమే. ఖర్చు తగ్గుతుంది, దూరం తగ్గదు.

ప్రాణానికి భద్రత ఉంటుంది కదా అనేది ఇంకో వాదన. పదేళ్ల కిందటైతే దీనికి తిరుగులేదు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. 15 లక్షల కొత్త కారులో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు మామూలు. బ్రాండు ఒక్కటే కాపాడదనడానికి 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదం చాలు. అందులో చనిపోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ బెంజ్ కారు వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అరిగిన టైర్లు మార్చే స్తోమత లేని బెంజ్ కంటే, వేళకు టైర్లు మార్చుకునే చిన్న కారే భద్రం.

వ్యాపారస్తులు చెప్పే మాట వేరు: ఫర్మ్ పేరున కొంటే పన్ను కలిసొస్తుందని. సొంత వాడకానికి కొనే కారు మీద జీఎస్టీ క్రెడిట్ ఫర్ముకు కూడా రాదు. తరుగుదల ఏడాదికి 15 శాతం చూపవచ్చు. 22 లక్షల కారుకు మొదటి ఏడు 3 లక్షల 30 వేలు, 30 శాతం పన్ను కట్టేవాడికి మిగిలేది దాదాపు లక్ష, ఆ తర్వాత ఏటేటా తగ్గుతుంది. ఇంటి వాడకం భాగాన్ని అధికారి తీసేయవచ్చు. సస్పెన్షన్ బిల్లు ఒక్కటొస్తే ఆ లక్ష అందులోనే పోతుంది. ఇక పరువు, సరదా అంటారా, వాటిని నేను తప్పుపట్టను. కష్టపడి సంపాదించినవాడు ఇష్టపడ్డ బండి ఎక్కడంలో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే పరువు కోసం కొన్న కారు షెడ్డులో ఆరు నెలలు నిలబడితే పరువు కూడా అక్కడే నిలబడుతుంది.

వేరే రాష్ట్రం కారైతే ఇంకో మెలిక ఉంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిలు కార్లు తిరగరాదన్న ఆంక్షను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025లో పట్టు కొంత సడలినా, ఆ భయంతో అమ్మిన కార్లు దేశమంతా చేరాయి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ నంబరు మార్పించాలి, జీవితపన్ను మళ్లీ కట్టాలి. కారు వయసును బట్టి శాతం తగ్గుతుంది గానీ, లెక్క మొదలయ్యేది మీరిచ్చిన 22 లక్షల నుంచి కాదు, పాత ఇన్‌వాయిసు ధర నుంచి. చెన్నై వరదల్లో, 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు ముంపులో మునిగిన కార్లలాంటివి ఇన్సూరెన్సు కంపెనీల వేలంలో చేతులు మారి మళ్లీ తళతళలాడుతూ అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, ఆ చివర బురద చార ఉంటే బేరం అక్కడితో సరి.

నా లెక్క ఇది: ఏటా కారు అసలు ధరలో ఇరవయ్యో వంతు, అంటే 60 లక్షల కారుకు 3 లక్షలు, కదపకుండా పక్కన పెట్టగలిగినవాడే ఈ పాత కారు కొనాలి. అప్పు మీద కొనేవాడు అసలు కొనకూడదు. మనసు మరీ లాగుతుంటే అడ్వాన్సు ఇచ్చేముందు ఛాసిస్ నంబరు పట్టుకుని విశాఖ వర్క్‌షాపుకు వెళ్లండి. సర్వీసు చరిత్ర అడగండి. నాలుగు టైర్లకు, బ్రేకు డిస్కులకు, బ్యాటరీకి, సస్పెన్షన్‌కు, గేరుబాక్సు ఆయిలుకు కాగితం మీద ఎస్టిమేటు రాయించుకోండి. ఫీజు కట్టి కారును అక్కడే పరీక్ష చేయించండి. అందుకు కారు పంపనన్న అమ్మకందారు దగ్గర ఎంత తక్కువకు వచ్చినా కొనకండి.