హెపటైటిస్ రిపోర్టులో ‘పాజిటివ్’.. ప్రతిసారీ జబ్బేనా?

నారాయణఖేడ్: గల్ఫ్ వెళ్లడానికి మెడికల్ చేయించుకున్న కుర్రాడి రిపోర్టులో ‘రియాక్టివ్’ అని వస్తే ఇంటిల్లిపాదికీ గాబరా. అక్కడి మెడికల్‌లో హెపటైటిస్ బి, సి రెండూ చూస్తారు. ప్రయాణం ఆగిపోవడం ఒకెత్తు, ఇంట్లో ప్లేటు, గ్లాసు వేరు చేయడం మరొకెత్తు. ఇంతకీ ఆ మాట ఏ టెస్టు పక్కన ఉందో చూశారా?

బి రకంలో ముఖ్యమైన టెస్టులు మూడు. మొదటిది హెచ్‌బీఎస్‌ఏజీ. ఇది యాంటీబాడీ కాదు, వైరస్ పైపొరలోని పదార్థం. పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టే. ఆరు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలిక జబ్బు అంటారు. అయినా అందరికీ వెంటనే మందులు అక్కర్లేదు. వైరల్ లోడ్, లివర్ పరిస్థితి చూసి డాక్టర్ చెబుతారు. టీకా వేయించుకున్న కొద్ది రోజుల వరకు కూడా ఇది పాజిటివ్ చూపవచ్చు. కాబట్టి టీకా సంగతి ల్యాబ్‌లో ముందే చెప్పాలి.

రెండోది యాంటీ హెచ్‌బీఎస్. ఇది పాజిటివ్ వస్తే సంతోషించాల్సిందే! 10 యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. ఆ రక్షణ టీకాతో వచ్చిందా, జబ్బు వచ్చి తగ్గడంతో వచ్చిందా? అది చెప్పేది మూడోది, యాంటీ హెచ్‌బీసీ. టీకాతో ఇది రాదు, వైరస్ సోకినవారిలోనే కనిపిస్తుంది. అందులో ఐజీఎం రకం ఉంటే సాధారణంగా ఈమధ్యే సోకినట్టు.

సి రకం లెక్క వేరు. యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే. కొందరిలో అది దానంతటదే పోతుంది. మందులతో పూర్తిగా నయమైనా ఈ యాంటీబాడీ ఏళ్ల తరబడి రక్తంలో ఉండిపోతుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ టెస్టే. నయమైనవారు ఆ రిపోర్టు భద్రంగా దాచుకోవాలి. ఈ యాంటీబాడీ రక్షణ కూడా ఇవ్వదు, సి మళ్లీ సోకవచ్చు.

బి, సి రెండూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కలిసి తింటే అంటుకోవు. రక్తం, వాడిన సూది, బ్లేడు, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతాయి. శారీరక సంబంధంతో బి ఎక్కువగా వస్తుంది. నిఖా కుదిరినవారు దాచకుండా చెప్పుకుంటే ఎదుటివారికి బి టీకా వేయించవచ్చు. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తక్కువ ధరకు తెచ్చిన టీకా ఈ జబ్బుదే. తల్లికి బి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే మొదటి డోసు పడాలి. సి రకానికి టీకా లేదు గానీ, ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. ప్రభుత్వాసుపత్రికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.