చీటీ ముద్రించు యంత్రము, ఆజ్ఞ ఇచ్చు యంత్రము

మందుల కర్మాగారమునుండి బయలుదేరు అట్టపెట్టెపై ఒక చీటీ ఉండును. మందు పేరు, బ్యాచి నంబరు, తయారైన తేది, గడువు తేది అందులో కనిపించును. ఏదైన ఒక బ్యాచిలో లోపము బయటపడినచో, ఆ పెట్టెలను వెదకి వెనుకకు తెప్పించుటకు ఆ చీటీయే ఆధారము. చీటీ తప్పైనచో మంచి మందు వెనుకకు వచ్చును. చెడ్డది రోగి ఇంటికి పోవును.

పెద్ద కర్మాగారములలో ఈ చీటీలను యంత్రమే అంటించుచున్నది. కన్వేయరు బెల్టుపై పెట్టె వచ్చుచుండగా ఒక సెన్సరు దానిని గుర్తించును. ఆ సంకేతము పి.ఎల్.సి. అను నియంత్రణ యంత్రమునకు చేరును. ఈ జాతి యంత్రము 1968 ప్రాంతమున అమెరికాలో, మోటారుకార్ల పరిశ్రమ అవసరమునుబట్టి పుట్టినది. మోటార్లను, వాల్వులను నడుపుట దీని విద్య. చీటీని చిత్రించుట కాదు. ప్రింటరుకు అక్షరములు తెలియును గాని, పెట్టె ఎప్పుడు వచ్చునో తెలియదు. అందుచేత ఈ రెంటిని కలుపవలసి వచ్చినది.

చీటీ నమూనాను ముందుగానే ప్రింటరు జ్ఞాపకములో ఉంచి, మారు అంశములను మాత్రమే పి.ఎల్.సి. పంపుట మేలైన పద్ధతి. జీబ్రా ప్రింటర్లకు జెడ్.పి.ఎల్. అను ఆజ్ఞల భాష ఉన్నది. ఈథర్నెట్ తీగ మీదుగా, సాధారణముగా 9100 అను పోర్టు ద్వారా, ఆ ఆజ్ఞలు పోవును.

ఇంతవరకు సులభమే. ఆజ్ఞ అందినదని జవాబు వచ్చినంత మాత్రమున చీటీ ముద్రితమైనదని తలపరాదు. మైకు ముందు మాటలాడినంతనే శ్రోతలు విన్నారని మేము చెప్పజాలము గదా! రిబ్బను అయిపోయినను, కాగితపు చుట్ట తీరినను, ఆజ్ఞలు ప్రింటరులో వరుసకట్టి నిలుచును. ఆ నడుమ బ్యాచి మారినదనుకొందము. పనివాడు క్రొత్త రిబ్బను వేయగానే పాత బ్యాచి చీటీలు బయటికి వచ్చి, క్రొత్త పెట్టెలపై చక్కగా అంటుకొనును. రెండు యంత్రములును చెప్పినపని చేసినవే. తప్పు మాత్రము జరిగిపోయినది.

దీనికి మందు లేకపోలేదు. పి.ఎల్.సి. ఒక్కొక్క చీటీకే ఆజ్ఞ ఇచ్చి, ముద్రణ ముగిసినట్లు సంకేతము వచ్చుదాక రెండవది పంపరాదు. రిబ్బను, కాగితము ఉన్నవా అని ప్రింటరును అడుగుచుండవలెను. బ్యాచి మారునపుడు నిలువ ఉన్న ఆజ్ఞలన్నిటిని తుడిచివేయవలెను. అంటించిన పిదప స్కానరు చీటీని చదివి, పి.ఎల్.సి.లోని నంబరుతో పోల్చవలెను. కలియని పెట్టెను ప్రక్కకు నెట్టవలెను. ఖర్చు తగ్గునని స్కానరును మానుకొనుట మాకు సమ్మతము కాదు.

ఇక ఇంటి సంగతి. మన దేశమున 2023 ఆగస్టు 1 నుండి తయారగు 300 బ్రాండ్ల మందులపై బార్‌కోడు గాని, క్యూఆర్ కోడు గాని తప్పనిసరియైనది. బ్యాచి నంబరును, గడువు తేదియు అందులో ఉండవలెను. చేతి ఫోనుతో దానిని చదివి, ప్రక్కన అచ్చైన నంబరుతో సరిచూచుకొనవచ్చును. రెండును కలియనిచో మందు వాడక, దుకాణదారునకు చూపవలెను.